తేలికైపోయిన స్టీరింగు

నేను ఒక చక్రాన్నే గాని, నేల మీద దొర్లే జాతి దాన్ని కాను. దొర్లేవి నాలుగు వేరే ఉన్నాయి. కంకరలో పడి, బురదలో మునిగి, అరిగిపోయి, చివరికి ఏ పంక్చరు షాపు ముందో గుట్టలో కలిసిపోవడం వాటి రాత. నేను లోపలి దాన్ని. నడిపేవాడి గుండెకు ఎదురుగా మూరెడు దూరంలో ఉంటాను. నన్ను స్టీరింగు అంటారు. మనుషులు ఒకరి చేతులు ఒకరు గట్టిగా పట్టుకోవడం నేను చూసినంతలో చాలా అరుదు. నన్ను మాత్రం ఎక్కిన ప్రతివాళ్ళూ రెండు చేతులా పట్టుకుంటారు. అందుచేత వాళ్ళ ముఖాల కంటే అరచేతులే నాకు బాగా తెలుసు. అబద్ధమాడటం ముఖానికి వచ్చినంత బాగా అరచేతికి రాదు.

నేను పుట్టింది ఎక్కడో చలిదేశంలో. మూడు అల్యూమినియం పుల్లలు, వాటి చుట్టూ కర్రను వంచి చేసిన కట్టు, దాని మీద నల్లటి తోలు. ఆ తోలు కుట్టింది ఒక ఆడమనిషి. సూది దింపి దారం లాగుతున్నంతసేపూ పక్కామెతో ఇంటి అద్దె గురించి మాట్లాడుతూనే ఉంది. చివరి ముడి వేశాక నన్ను ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి, గంట కొట్టగానే కోటు తగిలించుకుని వెళ్ళిపోయింది. నన్ను బిగించిన కారు రెండు సీట్లది, నేలకు జానెడు ఎత్తున పడుకున్నట్టుండేది. స్పోర్ట్స్ కారు. దాన్ని పరుగు కోసం చేశారు గాని సుఖం కోసం చేయలేదు. తిప్పేవాడికి సాయపడే యంత్రం ఏదీ నా కింద లేదు. రోడ్డు బరువంతా నా మీద, నా బరువంతా నడిపేవాడి భుజాల మీద.

ఓడలో విశాఖపట్నం వచ్చాను. మొదట ఒక జనపనార మిల్లు మేనేజరు దగ్గర ఉన్నాను. ఆయన ఆదివారాలు మాత్రమే, అదీ ఎవరైనా చూసే చోటే నన్ను తిప్పేవాడు. తరవాత ఒక సినిమా హాలు యజమాని కొడుకు కొన్నాడు. అతనికి ఒక చెయ్యి బయటికి వేలాడేసి ఒంటిచేత్తో నడపాలని కోరిక. నేను అందుకు ఒప్పుకునే రకం కాదు. ఋషికొండ మలుపులో ఆ సంగతి అతనికి తెలిసింది. బండి ప్రహరీ గోడలోకి వెళ్ళింది, అతను అమెరికన్ కార్లలోకి వెళ్ళాడు. నేను మాత్రం మధురవాడలో ఒక రేకుల షెడ్డులోకి వెళ్ళాను. అక్కడ నా మీద కోళ్ళు పడుకునేవి. కోళ్ళకు నా గురించి ఏ అభిప్రాయమూ ఉండేది కాదు. అది నాకు హాయిగానే ఉండేది.

అక్కణ్ణించి నన్ను తెచ్చుకున్నవాడు చిన్నంనాయుడు. సీతమ్మధారలో డ్రైవింగు స్కూలు ఉండేది. ఊళ్ళో అందరికీ నాయుడు మాస్టారు. నలభై ఏళ్ళలో ఆయన నేర్పని ఇల్లు ఆ వీధుల్లో తక్కువ. పాడైన కారును ముక్కముక్కగా బాగుచేసుకున్నాడు. నా తోలును మాత్రం మార్చనివ్వలేదు. కొబ్బరినూనె రాసి రాసి మెత్తబరిచాడు.

మాస్టారికి ఒక పద్ధతి ఉండేది. కొత్తగా చేరినవాళ్ళను స్కూలు బండి ఎక్కనిచ్చేవాడు కాదు. ముందు తన ఇంటి పోర్టికోలో నా ముందు కూర్చోబెట్టేవాడు. ఇంజను స్టార్ట్ చేసి, బండి కదలకుండానే, ఈ కొస నుంచి ఆ కొస దాకా నన్ను తిప్పమనేవాడు. నిలబడి ఉన్న బండి స్టీరింగు తిప్పడం రాయి దొర్లించినట్టుంటుంది. కుర్రాళ్ళు రొమ్ము విరుచుకుని వచ్చి, సగంలో పళ్ళు బిగించేవారు. ఆడపిల్లలు మొదట మాస్టారి వైపు చూసి, తరవాత మెల్లగా తిప్పేసేవారు. ఆయన చూసేది బలం కాదు. చేతులు భయపడ్డాయా, మొండికేశాయా, వదిలేశాయా అన్నది. "నోటితో నాకేటీ చెప్పొద్దు. నీ చేతులు చెప్తాయి" అనేవాడు. నేను చూసినంతలో ఆయన లెక్క పెద్దగా తప్పేది కాదు.

అందరి చేతులూ చూసిన మనిషి. భార్య హైమావతి చేతుల్ని మాత్రం నా మీద ఎప్పుడూ పెట్టనివ్వలేదు. ఆమెకు డ్రైవింగు రాక కాదు. ఆయనే నేర్పాడు. ఆడవాళ్ళకు పాఠాలు చాలా ఏళ్ళుగా ఆమే చెబుతోంది, స్కూలు వ్యవహారమంతా ఆమే చూస్తోంది. కాని ఈ బండి నీకు బరువు అనేవాడు. ఆమె ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. వారానికోసారి తడిగుడ్డతో నన్ను తుడిచి వెళ్ళేది. తుడవడానికి బరువు లేదు కదా.

మాస్టారి కుడిచేతి చిటికెన వేలు, దాని పక్క వేలు నన్ను సరిగా పట్టుకోవడం లేదని ఇంట్లో అందరికంటే ముందు తెలిసింది నాకే. పట్టు ఉన్నట్టే ఉండేది గాని లోపల ఖాళీ. తరవాత ఎడమ చెయ్యి కూడా అలాగే అయింది. ఆయన అరచేతులతో నొక్కి, మోచేతులు రెక్కల్లా చాచి తిప్పడం మొదలుపెట్టాడు. తన శిష్యుడెవడైనా అలా తిప్పితే వీపు మీద ఒకటి వేసేవాడు. హైమావతికి తెలిసింది వేరే దారుల్లో. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి అంతసేపు పడుతోందని, కంచంలో అన్నం చుట్టూ పడుతోందని తోటమాలితో చెప్పుకుంటుంటే విన్నాను. ఆమె అది వయసనుకుంది. ఆయన అలాగే అనుకోనిచ్చాడు.

ఒకరోజు గేటు దగ్గర తిప్పలేక స్తంభానికి రాశాడు. ఎర్ర రంగు మీద పొడుగ్గా గీత పడింది. హైమావతి బయటికి వచ్చి ఆ గీతను వేలితో తడిమింది. తిట్టలేదు. గాజువాకలో తమ బళ్ళు చూసే మెకానిక్కు పైడిరాజు చెప్పాడని, పాత బళ్ళకు కూడా కరెంటు మోటారు బిగిస్తున్నారని, అది పెడితే స్టీరింగు వేలితో తిరుగుతుందని మెల్లగా చెప్పింది.

"వేలితో తిప్పడానికి ఇదేమైనా ఫోనా?" అన్నాడాయన.

"భుజాలు పీకుతున్నాయని రోజూ మూలుగుతున్నారు కదండీ."

"మూలిగేది నేను. నీకేటి?"

"వినేది నేనండీ."

ఆయన నా మీద అరచెయ్యి పెట్టి, కొత్త శిష్యురాలికి చెప్పినట్టు చెప్పాడు. "ఇలా చూడు హైమా. కింద రోడ్డు ఎలా ఉందో ఇదే మనకి చెప్తాది. ఇసక ఉందా, తడి ఉందా, గొయ్యి ఉందా అంతా. మధ్యలో మోటారు పెట్టేవనుకో, రోడ్డు నోరు నొక్కేసినట్టే. నీ స్కూలు బళ్ళకి ఎన్ని పెట్టుకుంటావో పెట్టుకో. నా బండి జోలికి రాకు."

ఆయన చెప్పింది నిజమే. నేను రోడ్డు సంగతి చేతులకు చెబుతాను. చేతుల సంగతి కూడా చెబుతున్నానని, అది వినిపించుకోవడం లేదని మాత్రం ఆయన అనలేదు.

నిజానికి వినిపించుకున్నాడు. ఆ వేసవిలోనే డాక్టరు వసుంధర ఇంటికి వచ్చింది. ఒకప్పుడు ఈ పోర్టికోలోనే నన్ను తిప్పి పాసైన పిల్ల, ఇప్పుడు వెన్నుపూస ఆపరేషన్లు చేస్తుంది. హైమావతి పాఠానికి వెళ్ళిన సమయం చూసి మాస్టారు ఆవిణ్ణి బండిలో కూర్చోబెట్టుకుని బీచ్ రోడ్డు మీదికి తీసుకెళ్ళాడు. భార్యకు చెప్పకుండా స్కానింగు చేయించుకున్నాడని, దాని మాట మాట్లాడటానికే ఈ షికారని అప్పుడు నాకు అర్థమైంది. మెడ దగ్గర నరం నొక్కుకుపోతోందని, చేతులు అందుకే వదులవుతున్నాయని ఆవిడ చెప్పింది. ఆపరేషన్ చేస్తే ఉన్న బలం నిలుస్తుందని, పోయిన బలం తిరిగి తెస్తానని మాత్రం మాటివ్వలేనని చెప్పింది. ఆలస్యం చేయొద్దంది.

మెడ మీద కత్తి అనేసరికి ఆయన చేతులు నా మీద చల్లబడ్డాయి. ముఖం మాత్రం నవ్వుతోంది.

"ఒక ఒప్పందం చేసుకుందాం వసూ. బండి నిలబెట్టి దీన్ని ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పలేని రోజున నేనే వచ్చి నీ బల్ల మీద పడుకుంటాను. వారం వారం చూసుకుంటాను."

"అది పరీక్ష కాదు మాస్టారూ."

"నిన్ను పాస్ చేసింది ఆ పరీక్షేనమ్మా."

ఆవిడ నవ్వింది. ఆ నవ్వును ఆయన ఒప్పుకోలుగా తీసుకున్నాడు. మూడు నెలలకోసారి తప్పకుండా వచ్చి చూపించుకోవాలని ఆవిడ గట్టిగా చెప్పింది, ఆయన తల ఊపాడు. ఇంట్లో చెప్పొద్దని ఆయన అడిగాడు. మీరే చెప్పాలి, నేను చెప్పను అంది ఆవిడ.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం పొద్దున్న, ఇంజను వేడెక్కే లోపల, ఆయన తనకు తాను పరీక్ష పెట్టుకునేవాడు. తిరిగేదాన్ని కాను ఒక పట్టాన. ఆయన పెదవి కొరుక్కుని, ఊపిరి బిగబట్టి, ఎలాగో ఆ కొస చేర్చేవాడు. వారం వారం అది కష్టమవుతూనే ఉంది. ఇంకొన్ని వారాల్లో ఓడిపోతాడు. ఓడిపోతే ఆస్పత్రికి వెళతాడు. ఒక మనిషి ఓడిపోవాలని నేను ఎదురుచూసింది అప్పుడే.

ఆ కొన్ని వారాలూ పూర్తి కాలేదు. మాస్టారు అన్నగారి మనవరాలి పెళ్ళికని బొబ్బిలి వెళ్ళాడు. స్కూలుకు సెలవు లేదని హైమావతి ఉండిపోయింది. మర్నాడే పైడిరాజు పెట్టె పట్టుకుని పోర్టికోలోకి వచ్చాడు.

"సారుకి తెలిస్తే నన్ను బతకనివ్వరమ్మా" అన్నాడు, పనిముట్లు పరుస్తూనే.

"తెలియకుండా పెట్టు."

పని జరుగుతున్నంతసేపూ ఆమె పక్కనే నిలబడింది. బండి ఎక్కడం మానేసిన రోజున ఆయన మంచం ఎక్కేస్తారని, తనకు తెలుసని, నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి సంగతి తనకు ఇంకొకరు చెప్పక్కర్లేదని అంది. పైడిరాజు నా కింద ఉన్న ఇనుప కడ్డీని మధ్యలో కోశాడు. నాకూ కోత పడింది మెడ దగ్గరే. ఆ కోత మధ్య మోటారు కూర్చోబెట్టాడు. డాష్‌బోర్డు అడుగున, చెయ్యి వెనక్కి పెడితే గాని తగలని చోట, ఫ్యాను రెగ్యులేటరు లాంటి చిన్న మీట బిగించాడు. కుడికి తిప్పితే తేలికవుతుందని, సున్నాలో పెడితే మోటారు లేనట్టే ఉంటుందని చూపించాడు. ఒక్కసారిగా తిప్పేయొద్దని, సారు చేతులకు ఇట్టే తెలిసిపోతుందని చెప్పాడు. ఆమె తల ఊపింది. కూరలో ఉప్పు వేసినట్టు వేసుకుంటానంది.

అలాగే వేసింది. బండి తుడవడానికి వచ్చినప్పుడు, ఏ రెండు వారాలకో ఒకసారి, ఆ మీటను గోరంత జరిపేది.

మాస్టారు బొబ్బిలి నుంచి వచ్చిన మొదటి ఆదివారం నన్ను తిప్పి ఆగిపోయాడు. ఇంకోసారి తిప్పాడు. ఇంజను హోరులో మోటారు మూలుగు వినబడలేదు. ఎన్నో వందల చేతుల్ని చూసి ఇట్టే చెప్పేసిన మనిషి, తన చేతుల కింద మారిన నన్ను గుర్తుపట్టలేదు. గుర్తుపట్టలేకపోవడం కాదనుకుంటాను. తనకు కావలసిన మాటే వినబడింది, అంతే. పెళ్ళిలో నాలుగు రోజులు విశ్రాంతి దొరికిందనుకున్నాడు. తరవాత వారం వేణ్ణీళ్ళ కాపడం పనిచేస్తోందనుకున్నాడు. నేను తేలికవుతున్న కొద్దీ ఆయన నిటారుగా కూర్చోసాగాడు. ఈలోపు ఆ చేతుల్లో పట్టు రోజురోజుకూ పోతూనే ఉంది. వేళ్ళు చల్లగా, మొద్దుగా నా తోలు మీద ఊరికే పడుకునేవి. నాకు తెలుసు. చెప్పడానికి నాకున్నది బరువొక్కటే, దాన్ని తీసేశారు.

ఇంట్లో వాళ్ళిద్దరికీ ఆ రోజులు సుఖంగా గడిచాయి. అది కూడా చెప్పాలి. ఆయన మళ్ళీ పాటలు కూనిరాగం తీసేవాడు. ఆమె వంటింటి కిటికీలోంచి చూసి తనలో తను నవ్వుకునేది. గుండీలు ఆమే పెట్టేది, అన్నం ఆమే కలిపి ఇచ్చేది. బండి తిప్పుతున్న మనిషికి అవి పెద్ద లోపాలుగా కనబడలేదు.

మరుసటి వేసవిలో ఒక ఆదివారం ఆయన నన్ను ఈ కొస నుంచి ఆ కొసకు సునాయాసంగా తిప్పి, లోపలికి కేక వేశాడు. రొయ్యలు ఒలుస్తున్న హైమావతి చేతులు కడుక్కోకుండానే వచ్చింది. ఆయన ముఖం వెలిగిపోతోంది. ఒక సంగతి దాచాను, కోప్పడకూడదు అని మొదలుపెట్టి అంతా చెప్పాడు. స్కానింగు, మెడలో నరం, ఆపరేషన్, వసుంధరతో వేసుకున్న పందెం. తిప్పలేని రోజున వస్తానన్నాడట. ఏడాదైంది, ఇదిగో తిప్పుతున్నాడు. కత్తి లేకుండానే గండం గడిచింది.

ఆమె కారు తలుపు పట్టుకుంది.

"ఆ తరవాత డాక్టరుకి చూపించుకున్నారా?"

"ఎందుకూ? ఇది చెప్తోంది కదా" అని ఆయన నన్ను తట్టాడు.

"ఇంజను ఆపకండి" అందామె. చుట్టూ తిరిగి వచ్చి అవతలి తలుపు తీసి, వంగి, డాష్‌బోర్డు అడుగున చెయ్యి పెట్టింది. మీటను సున్నాకు తిప్పింది. "ఇప్పుడు తిప్పండి."

ఆయన ఆమె వైపు వింతగా చూసి, నవ్వుతూనే నన్ను పట్టుకున్నాడు. నేను కదల్లేదు. నవ్వు ఆపి మళ్ళీ లాగాడు. భుజం వేశాడు, రొమ్ము ఆనించి నెట్టాడు. వేళ్ళు జారిపోయాయి. ఏడాది కిందట పెదవి కొరుక్కుని చేయగలిగింది, ఇప్పుడు ఒళ్ళంతా వేసినా అంగుళం జరగలేదు. ఆయన తన చేతులు తిప్పి చూసుకున్నాడు, ఎవరివో అన్నట్టు. అప్పుడు ఆమె మీటను కుడివైపు చివరంటా తిప్పి, రొయ్యల వాసన వేస్తున్న ఒక్క వేలితో నన్ను ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పింది.

ఆయన వంగి ఆ మీట వైపు చూశాడు.

"ఎప్పుడు?" అన్నాడాయన.

"మీరు బొబ్బిలి వెళ్ళినప్పుడు."

"నాకు ఒక్క మాట చెప్పలేదు."

"మీరు మాత్రం చెప్పేరా?"

ఆమె చెయ్యి చాచి తాళం తిప్పి ఇంజను ఆపింది.

ఆపరేషన్ ఆ వారంలోనే అయింది. ఆస్పత్రి సంగతులు నేను చూడలేదు. బండి సంగతి అడగడానికి వచ్చిన పైడిరాజుతో హైమావతి పోర్టికోలో నిలబడి చెబుతుంటే విన్నాను. మెడ బాగానే ఉందట. నడక నిలబడిందట. చేతులు మాత్రం రావట. ఏడాది ముందైతే సంగతి వేరుగా ఉండేదని వసుంధర అనలేదట, అడిగితే ముఖం పక్కకు తిప్పుకుందట. "తిట్టినా బాగుండేది పైడిరాజూ" అంది. అతను అపరాధిలా తల వంచుకుని నిలబడ్డాడు. నీ తప్పేం లేదులే అని అతనికి టీ ఇచ్చి పంపింది.

మాస్టారు ఇప్పుడు పోర్టికోలో కుర్చీ వేసుకుని నా ఎదురుగా కూర్చుంటాడు. చెంచాను వేళ్ళకు పట్టీతో కట్టుకుని తింటాడు. ఒకరోజు ఉన్నట్టుండి, పైడిరాజును పిలిచి ఆ మోటారు పీకించెయ్యమన్నాడు.

"పీకిస్తే ఎవరు నడుపుతారు?"

"ఎవరూ నడపక్కర్లేదు. బండి బండిలా ఉండాలి. నిలబడి ఉంటాది."

హైమావతి మడతపెడుతున్న బట్టలు పక్కన పెట్టింది. గొంతు పెంచలేదు. "రోజూ మిమ్మల్ని చేతుల వ్యాయామానికి తీసుకెళ్ళాలి. పొద్దుటపూట స్కూలు బళ్ళు పాఠాలకి కావాలి. ఆటోవాళ్ళు మిమ్మల్ని ఎక్కించుకునేటప్పుడు చేసే మొహాలు నేను చూడలేను. మోటారు ఉంటుంది. ఈ బండి నేను నడుపుతాను. మోసిన బరువు చాలు నాకు."

ఆయన వాదించలేదు. వాదించి ఉంటే ఆమెకు బాగుండేదేమో.

మర్నాడు ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకుని నా ముందు కూర్చుంది. పాఠాలు చెప్పేవాడు కూర్చునే ఎడమవైపు సీట్లో ఆయన కూర్చున్నాడు. ఆమె రివర్సు చేసి గేటు దాటించి, ఎడమకు తిప్పడంలో ఆలస్యం చేసింది. బండి మురుగుకాలవ అంచుదాకా వెళ్ళింది. ఆయన కాలు ముందుకు వచ్చి నేలను గట్టిగా తొక్కింది. స్కూలు బళ్ళలో ఆ చోట మాస్టారికి ఒక బ్రేకు ఉంటుంది. ఈ బండిలో లేదు. ఆమె తన బ్రేకు తొక్కి ఆపింది. ఇలాంటి తప్పు చేసినవాళ్ళ మీద ఆయన వీధి చివరిదాకా వినబడేలా అరిచేవాడు. ఇప్పుడు అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఒళ్ళో చేతులు వెల్లకిలా పడి ఉన్నాయి.

"ఏదో ఒకటి అనండి" అందామె.

ఆయన బయటికి చూస్తూనే అడిగాడు. "తేలిగ్గా ఉందా?"

"ఉందండీ."

నన్ను వేలితో తిప్పొచ్చు. ఆమె రెండు చేతులా పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే, ఆ చలిదేశపు మనిషి వేసిన కుట్లన్నీ ఆమె అరచేతుల్లో అచ్చుపడ్డాయి.